విమానము కదలకముందు: చిన్న లోపముల పెద్ద చరిత్ర

ఉద్యోగరీత్యా స్వస్థలములకు దూరముగా నివసించు మనవారికి విమానప్రయాణ మిప్పుడు వింత కాదు. పండుగకు ఇల్లు చేరుటకో, కార్యాలయపు పనిపై మరియొక నగరమునకు పోవుటకో విమానమెక్కిన వారందరకు ఒక అనుభవము పరిచితమే. ప్రయాణికులు కూర్చుండిరి, తలుపులు మూసిరి, అయినను విమానము కదలదు. కొంతసేపటికి "ఒక చిన్న సాంకేతిక కారణము వలన ఆలస్యమగుచున్నది, మన్నింపుడు" అను ప్రకటన వినవచ్చును. ఒక ఇంజనీరు చేత పుస్తకముతో మెట్లెక్కి వచ్చి, పైలట్లుండు గదిలోనికి పోవును. పది నిమిషములకో, గంటకో విమానము బయలుదేరును. లేదా అందరిని దింపి వేరొక విమానము నెక్కింతురు. ప్రక్క కుర్చీలోని పెద్దమనిషి "లోపము చిన్నదే అయినచో పోనీయరాదా? పెద్దదైనచో మనలను ఎక్కింపక ముందే చూచుకొనరాదా?" అని విసుగుకొనును.

ఆ ప్రశ్న న్యాయమైనదే. ఏది చిన్న లోపము, ఏది పెద్ద లోపము, దానిని నిర్ణయింపవలసిన వారెవరు, ఎప్పుడు నిర్ణయింపవలెను అను విషయములే విమానయాన చరిత్రలో ఒక ముఖ్య ప్రకరణము. ఆ ప్రకరణములోని కొన్ని పుటలు విజ్ఞుల ఆలోచనతో వ్రాయబడినవి. మరికొన్ని ప్రాణనష్టముతో వ్రాయబడినవి. ఇంజనీరు చేతిలోని ఆ పుస్తకము వెనుకనున్న కథను తెలిసికొన్నచో, నిరీక్షణలోని విసుగు కొంత తగ్గునని నా నమ్మకము.

ఒంటి యంత్రపు కాలము

మొదటి ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట 1919 అక్టోబరు 13వ తేదీన పారిస్ నగరమున పలు దేశములు ఒక ఒడంబడికపై సంతకములు చేసినవి. దేశాంతర ప్రయాణము చేయు ప్రతి విమానమునకు, అది ఎగురుటకు తగిన స్థితిలో నున్నదని తెలుపు యోగ్యతాపత్ర ముండవలెనని అందొక నియమము చేరెను. విమానమును నమ్ముట పైలటు ధైర్యముపై మాత్రమే ఆధారపడరాదు, ప్రభుత్వము పరీక్షించి పత్రము నీయవలెను అను భావమునకు అంతర్జాతీయముగా బలము చేకూరినది అప్పుడే.

మన దేశమున క్రమబద్ధమైన టపా విమానసేవకు ఆద్యుడు జె.ఆర్.డి. టాటా. ఆయన 1932 అక్టోబరు 15వ తేదీన కరాచీ నుండి అహమ్మదాబాదు మీదుగా బొంబాయికి పుస్ మాత్ అను చిన్న విమానమును స్వయముగా నడిపి వచ్చెను. అక్కడినుండి నెవిల్ వింటెంట్ ఆ టపాను బళ్ళారి మీదుగా మద్రాసుకు చేర్చెను. ఆ విమానమునకు ఇంజను ఒక్కటే. అట్టి యంత్రమునందు "ఇది పనిచేయకున్నను పోవచ్చును" అనదగిన వస్తువులు బహు స్వల్పము. రెండవది లేనిచోట మొదటిది చెడినచో ప్రయాణమే చెడును. కనుక ఆనాటి నిర్ణయము కష్టమైనదే కాని చిక్కైనది కాదు. ఇంజను శబ్దము సరిగా లేదని తోచినచో పైలటు దిగును; బాగుపడిన పిమ్మట ఎక్కును. నిర్ణయము ఆయన చెవిపైనను, చేతిపైనను, అనుభవముపైనను ఆధారపడి యుండెను.

ఆ అనుభవ మొక్కటియే చాలదని 1935వ సంవత్సరమున ఒక దుర్ఘటన చాటెను. అమెరికాలోని డేటన్ నగర సమీపమున, అక్టోబరు 30వ తేదీన, బోయింగు కంపెనీ నిర్మించిన నాలుగు ఇంజనుల కొత్త బాంబరు విమానము పరీక్షకై లేచి, వెంటనే కూలిపోయెను. నడిపినవారు సామాన్యులు కారు. మేజర్ ప్లాయర్ హిల్ సైన్యమునందు అనుభవజ్ఞుడైన పరీక్షక పైలటు. విమానము నేలపై నున్నప్పుడు గాలికి తోకభాగపు రెక్కలు కొట్టుకొనకుండ బిగించు గడియను తీయుట మరచిరి. అంతియే. యంత్రమున ఏ దోషమును లేదు. ఇట్టి విమానము ఒక్క మనిషి జ్ఞాపకశక్తికి మించినదని గ్రహించి, సైనిక పైలట్లు బయలుదేరుటకు ముందు వరుసగా చదివి సరిచూచుకొనవలసిన అంశములను ఒక పట్టికగా వ్రాసికొనిరి. నేడు ప్రతి విమానమునందును వినబడు "చెక్‌లిస్టు" ఆ విధముగా స్థిరపడెను. తెలియనివాని కొరకు కాదు, బాగుగా తెలిసినవాడు మరచునని పుట్టినది ఆ పట్టిక. ఈ మాటను మనస్సున నుంచుకొనవలెను. ఈ వ్యాసమున మరల దీనితో పని కలదు.

రెండేసి, మూడేసి

అదే 1935వ సంవత్సరము డిసెంబరులో డీసీ-3 అను రెండు ఇంజనుల విమానము తొలిసారి ఎగిరెను. రెండవ ప్రపంచయుద్ధానంతరము సైన్యమునకు మిగిలిపోయిన డకోటాలుగా అవి మన దేశమున విరివిగా లభించెను. తెలుగు నేలకును ఈ చరిత్రలో భాగము కలదు. 1945లో హైదరాబాదున దక్కన్ ఎయిర్‌వేస్ స్థాపితమై, బేగంపేట కేంద్రముగా డకోటాలను నడిపెను. 1953 ఆగస్టు 1వ తేదీన విమానసేవల జాతీయీకరణ జరిగినప్పుడు దేశీయ సేవలు నడుపుచుండిన ఎనిమిది సంస్థలు ఇండియన్ ఎయిర్‌లైన్సులో విలీనమయ్యెను. దక్కన్ ఎయిర్‌వేస్ వానిలో నొకటి.

రెండు ఇంజనులతో పాటు ఒక కొత్త భావము కూడ విమానములలో స్థిరపడెను. ముఖ్యమైన ప్రతి వస్తువునకు తోడుగా మరియొకటి యుండవలెను. ఇద్దరు పైలట్లు, వారి యెదుట వేర్వేరుగా వేగమును, ఎత్తును చూపు పరికరములు, ప్రతి ఇంజనునందు ప్రతి సిలిండరునకు రెండేసి నిప్పురవ్వ పుట్టించు ఏర్పాట్లు. 1960లో ఎయిరిండియా బోయింగు 707 జెట్ విమానమును నడుప నారంభించు నాటికి ఈ తోడు ఏర్పాట్లు ఇంకను పెరిగెను. విద్యుత్తు, నూనె పీడనము, రేడియో, దిక్సూచి ఇవన్నియు రెండేసి, కొన్నిచోట్ల మూడేసి.

ఇచ్చటనే అసలు చిక్కు పుట్టెను. మూడింటిలో ఒకటి చెడినది. రెండు బాగుగానే యున్నవి. ఇప్పుడు విమానము పోవలెనా, మానవలెనా?

యోగ్యతాపత్రపు భావమును అక్షరాల పాటించినచో, అమర్చిన ప్రతి వస్తువు పనిచేసి తీరవలెను. అప్పుడు చదువుకొను దీపమొకటి ఆరిపోయినను విమానము నిలిచిపోవును. విడిభాగములు దొరకని చిన్న విమానాశ్రయమున నూరుమంది రోజుల తరబడి పడియుండవలసి వచ్చును. దీనికి మారుగా "కెప్టెనునకు తోచినట్లు చేయవచ్చును" అన్నచో మరియొక ప్రమాదము కలదు. ఆలస్యమైనదని ప్రయాణికుల గొడవ, గంట గంటకు ఖర్చు లెక్కించు యాజమాన్యము, మించిపోవుచున్న డ్యూటీ వేళలు, దిగజారుచున్న వాతావరణము. ఇన్నిటి నడుమ నిలిచి ఒక మనిషి చేయు నిర్ణయము ఒక్కొక్క దినమున ఒక్కొక్క విధముగా నుండును. నిన్న ఒకరు కాదన్నదానిని నేడు మరియొకరు సరే యందురు.

ఈ రెంటి నడుమ దారిగా ఏర్పడినదే మినిమమ్ ఎక్విప్‌మెంట్ లిస్టు, అనగా కనీస పరికరముల జాబితా. 1944 డిసెంబరు 7వ తేదీన షికాగోలో కుదిరిన అంతర్జాతీయ ఒడంబడిక వలన పుట్టిన అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ, విమానములు నడుపు పద్ధతులను గూర్చిన తన 6వ అనుబంధమున ఈ జాబితాకు స్థానము కల్పించెను. దీని మూలసూత్రము మిక్కిలి సరళమైనది: నిర్ణయమును తొందరలో, రాత్రి వేళ, విమానము చెంత చేయరాదు, తీరికగా, పగటివేళ, బల్లయొద్ద కూర్చుండి ముందుగనే చేసి వ్రాసి యుంచవలెను.

జాబితా పనిచేయు విధము

విమానము నిర్మించు కంపెనీ వారు ఏ ఏ వస్తువులు తాత్కాలికముగా లేకున్నను భద్రతకు లోటు రాదో పరిశీలించి ఒక మూల జాబితాను సిద్ధము చేయుదురు. ఆ దేశపు విమానయానాధికారులు దానిని ఆమోదింతురు. విమానమును నడుపు సంస్థ ఆ మూలము ననుసరించి తన జాబితాను వ్రాసికొనును. అది మూలముకంటె కఠినముగా నుండవచ్చును గాని సడలించినదిగా నుండరాదు. మన దేశమున దీనిని ఆమోదించు అధికారము పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ వారిది. 1934 నాటి విమాన చట్టము, 1937 నాటి నిబంధనలు మనకు చిరకాలము ఆధారముగా నుండెను. 2025 జనవరి 1వ తేదీనుండి పాత చట్టము స్థానమున 2024 నాటి భారతీయ వాయుయాన్ అధినియమ్ అమలులోనికి వచ్చినది.

ప్రభుత్వోద్యోగులమైన మనకు ఈ జాబితా స్వభావము సులభముగనే బోధపడును. ఇది షరతులతో కూడిన మంజూరు ఉత్తరువు వంటిది. విమానముపై ఆ వస్తువు లెన్ని యున్నవి, బయలుదేరుటకు కనీస మెన్ని పనిచేయవలెను, ఏ షరతులపై, ఎన్నిదినముల వరకు అను నాలుగు ప్రశ్నలకు ప్రతి వస్తువు నెదుట సమాధాన ముండును. ఉరుములు మెరుపులు గల మేఘములను ముందుగా పసిగట్టు రాడారు చెడినదనుకొందము. దారిలో అట్టి మేఘములు ఉండవచ్చునని వాతావరణ సూచన యున్నచో విమానము కదలరాదు, నిర్మలాకాశమైనచో పోవచ్చును. ఒకే లోపము, ఒకే విమానము. దారిని బట్టి తీర్పు మారును. తోకలోనుండు సహాయక ఇంజను చెడినచో, నేలపై విద్యుత్తును, చల్లగాలిని బయటి యంత్రములనుండి తెచ్చుకొని పోవచ్చును. అప్పుడప్పుడు ప్రయాణికులు విమానమున కూర్చుండి చెమటలు కార్చుటకు ఇదియు నొక కారణము. దిగిన పిమ్మట వేగము తగ్గించుటకు ఇంజను గాలిని ముందునకు మరల్చు ఏర్పాటులో నొకటి చెడినచో, ఇంజనీరు దానిని కదలకుండ బిగించి భద్రపరుపవలెను. పైలట్లు తడిసిన దారిపై ఆగుటకు ఎంత దూరము పట్టునో మరల లెక్క కట్టవలెను. కొన్ని షరతులు ఇంజనీరువి, కొన్ని పైలట్లవి.

గడువు విషయమున నాలుగు తరగతులు కలవు. 'ఎ' తరగతికి జాబితాలోనే ప్రత్యేకముగా గడువు వ్రాయబడి యుండును. 'బి' తరగతికి 3 దినములు, 'సి' తరగతికి 10 దినములు, 'డి' తరగతికి 120 దినములు. లోపమును నమోదు చేసిన దినము లెక్కలోనికి రాదు. గడువులోపల బాగుచేయవలెను. ఋణశేషము, అగ్నిశేషము, శత్రుశేషము ఉంచరాదని మన పెద్దలు చెప్పిరి. వాయిదా వేసిన మరమ్మతు ఋణమే. గడువు తేదీ దాని వాయిదా పత్రము.

చెడిన వస్తువు చెంత "పనిచేయదు" అను చీటీ అంటింపబడును. విమానపు లాగ్ పుస్తకమున లోపము, చేసిన పని, ఆధారముగా తీసికొన్న జాబితా సంఖ్య, ఇంజనీరు సంతకము ఉండవలెను. ఆ పిమ్మట కెప్టెను దానిని చదివి అంగీకరింపవలెను. ఇచ్చట ముఖ్యమైన విషయ మొకటి కలదు. జాబితా పోవచ్చునని చెప్పినను, ఆనాటి దారిని, వాతావరణమును, ఇతర లోపములను చూచి కెప్టెను పోనని చెప్పవచ్చును. కాని జాబితా వలదన్నప్పుడు పోవుదునని చెప్పుటకు ఆయనకు అధికారము లేదు. రెక్కలు, చుక్కాని వంటివాని పేళ్ళు జాబితాలో వెదకినను కనబడవు. ఎగురుటకు సంబంధించిన వస్తువు పేరు అందు లేనిచో, అది పనిచేసి తీరవలెనని అర్థము.

ఇంత చక్కని ఏర్పాటు కాగితముపై సిద్ధమైన తరువాత ఇక కథ సుఖాంతము కావలసినది. కాని ఇల్లు అలకగానే పండుగ కాదు. జాబితా వచ్చిన పిమ్మట జరిగిన మూడు ఘటనలను చూతము. మూడింటను లోపము చిన్నదే.

గిమ్లీ: జాబితాను దాటిన నాడు

1983 జూలై 23. కెనడా దేశపు మాంట్రియల్ నగరము. ఎయిర్ కెనడా వారి సరికొత్త బోయింగు 767 విమానము ఒట్టావా మీదుగా ఎడ్మంటనుకు బయలుదేరవలెను. తొట్లలో ఇంధన మెంత యున్నదో చూపు గేజీల వెనుకనున్న యంత్రమునకు రెండు మార్గములు కలవు. వానిలో నొకటి చెడినది. అంతకుముందు ఎడ్మంటనులో ఒక ఇంజనీరు చెడిన మార్గపు సర్క్యూట్ బ్రేకరును లాగివైచి, చీటీ అంటించి, రెండవ మార్గముతో గేజీలను పనిచేయించెను. ఒక మార్గము పనిచేయుచు, ఇంధనమును కొలకడ్డీలతో కూడ సరిచూచినచో పోవచ్చునని జాబితా చెప్పుచున్నది. అంతవరకు సక్రమమే.

మాంట్రియలులో మరియొక సాంకేతికుడు పరీక్షకై ఆ బ్రేకరును మరల లోనికి నొక్కెను. గేజీలు ఆరిపోయినవి. అంతలో ఆయన దృష్టి వేరొక పనివైపు మరలెను. బ్రేకరు అట్లే యుండిపోయెను. కెప్టెను రాబర్ట్ పియర్సన్ వచ్చి చూచునప్పటికి గేజీలు చీకటి. చీటీ మాత్రము అంటింపబడియే యున్నది. ఈ విమానము ఇట్లే ఎగిరి వచ్చినదని, నిర్వహణశాఖ వారు అనుమతించిరని ఆయన అనుకొనెను. గేజీ లొక్కటియు పనిచేయనప్పుడు జాబితా ఒప్పదు. కాని ఆ విమానము కొత్తది. దాని జాబితా యింకను తరచు సవరింపబడుచుండెను. దానివలన పుస్తకముకంటె నోటిమాటకు విలువ హెచ్చెను.

ఇక మిగిలినది కొలకడ్డీ. దానితో 7,682 లీటర్లున్నట్లు తేలెను. లీటర్లను బరువుగా మార్చవలెను. ఆ సంస్థలో కిలోగ్రాముల లెక్కతో వచ్చిన తొలి విమాన మదియే; చేతిలోనున్న గుణకము 1.77 మాత్రము లీటరునకు పౌన్లను తెలుపునది. దానితో గుణించి వచ్చిన 13,597 సంఖ్యను కిలోగ్రాములనుకొనిరి. ప్రయాణమునకు 22,300 కిలోగ్రాములు కావలెను. మిగిలినదానికి సరిపడునని సుమారు 4,900 లీటర్లు మాత్రము పోసిరి. నిజముగా పోయవలసినది సుమారు 20,000 లీటర్లు. 1956 నాటి చట్టము ననుసరించి వీశెలనుండి, మణుగులనుండి కిలోగ్రాములకు మారినప్పుడు మన అంగళ్ళలో జరిగిన తికమకలను పెద్దలు చెప్పగా విన్నవారికి ఇది వింతగా తోచదు. కాని అంగడిలో పొరపాటునకు అర్ధరూపాయి నష్టము. ఆకాశమున అట్లు కాదు.

41,000 అడుగుల ఎత్తునకు చేరిన పిమ్మట రెండు ఇంజనులును ఆగిపోయెను. కెప్టెను పియర్సన్ ఇంజను లేని గ్లయిడరులను నడుపుట తెలిసినవాడగుట ప్రయాణికుల పుణ్యము. గిమ్లీ అను చోట, వాడుకలో లేని పాత వైమానిక దళపు దారిపై, ఆనాడు మోటారు కార్ల పందెములు జరుగుచుండగా, విమానమును దింపెను. లోనున్న 69 మందిలో ఒక్కరును చనిపోలేదు.

పిమ్మట జరిగిన విచారణలో తేలినది ఏ ఒక్కరి తప్పును కాదు. పాత విమానములలో ఇంధనపు లెక్క మూడవవాడైన ఫ్లయిట్ ఇంజనీరు చూచువాడు. కొత్త విమానమున ఆ పదవి లేదు. ఆ పని యెవరిదో స్పష్టముగా నిర్ణయింపలేదు. ఇంజనీరు పైలటు పని యనుకొనెను, పైలటు ఇంజనీరు పని యనుకొనెను. తిలాపాపము తలా పిడికెడు.

మాడ్రిడ్: జాబితాను పాటించిన నాడు

గిమ్లీ నేర్పిన పాఠము జాబితాను దాటరాదని. దానిని పాటించినచో చాలునా? 2008 ఆగస్టు 20వ తేదీన స్పెయిను రాజధాని మాడ్రిడులో జరిగినది చూడుడు.

స్పానేర్ సంస్థ వారి ఎండీ-82 విమానము కెనరీ దీవులకు పోవుటకు సిద్ధమై, పరుగుదారి వరకు పోయి, వెనుకకు వచ్చెను. బయటి గాలి ఉష్ణోగ్రతను కొలుచు ఒక చిన్న గొట్టము మితిమీరి వేడెక్కుచుండెను. గాలిలో దానిపై మంచు పట్టకుండ వేడిచేయు ఏర్పాటు కలదు; నేలపై అది పనిచేయరాదు. ఇంజనీర్లు జాబితా చూచిరి. మంచు పట్టు వాతావరణము లేనప్పుడు ఆ వేడిచేయు ఏర్పాటు లేకున్నను పోవచ్చును. దాని బ్రేకరును లాగివైచి, నమోదు చేసి, విమానమును పంపిరి.

ఆలస్యము, ఆగస్టు మాసపు ఎండ, మరల మొదటినుండి చేయవలసిన పనులు. ఈ హడావుడిలో లేచుటకు ముందు రెక్కల వెనుక, ముందు చాపవలసిన ఫ్లాపులను, స్లాటులను పైలట్లు చాపలేదు. పట్టికలో ఆ అంశము వచ్చుచోట మాట తెగిపోయెను. అట్లు మరచినచో మోగవలసిన హెచ్చరిక గంట మోగలేదు. విమానము లేచినట్లే లేచి పడిపోయెను. 172 మందిలో 154 మంది మరణించిరి.

గంట ఏల మోగలేదు? నేలపై నున్నామా, గాలిలో నున్నామా అని విమానమునకు తెలుపు చిన్న రిలే యొకటి కలదు. గొట్టమును నేలపై వేడెక్కకుండ ఆపునదియు, ఆ గంటకు నేలపై ప్రాణమిచ్చునదియు ఒకే రిలే. అది చెడియుండుట మిక్కిలి సంభవమని పరిశోధకులు తలచిరి గాని, పూర్తిగా నిర్ధారించుటకు ఆధారములు చాలలేదు. అట్లయినచో వేడెక్కిన గొట్టము రోగము కాదు, రోగలక్షణము. జాబితా "వేడిచేయు ఏర్పాటు పనిచేయనిచో" అని చెప్పుచున్నది. ఇచ్చట అది పనిచేయకపోలేదు. పనిచేయరాని చోట పనిచేసెను. ఈ రెంటికిని గల భేదమును అడిగినవారు లేరు. జ్వరమునకు మాత్ర యిచ్చినట్లు బ్రేకరు లాగిరి. జ్వర మేల వచ్చినదని చూడలేదు.

ఇంకొక విచారకరమైన విషయము. 1987 ఆగస్టు 16వ తేదీన అమెరికాలోని డెట్రాయిటులో ఇదే తరహా విమానము, ఇదే విధముగా ఫ్లాపులు చాపకుండ లేచి, హెచ్చరిక గంట మోగక కూలిపోయి యుండెను. 156 మంది మరణించిరి. పిమ్మట నిర్మాతలు ప్రతి ప్రయాణమునకు ముందును ఆ గంటను పరీక్షింపుడని సలహా యిచ్చిరి. ఇరువది యొక్క సంవత్సరములలో ఆ సలహా అన్ని సంస్థల పుస్తకములలోనికి పూర్తిగా చేరలేదు. మాడ్రిడులో ఆనాటి ఆ ప్రయాణమునకు ముందు గంటను పరీక్షింపవలెనని ఆ సంస్థ పద్ధతి కోరలేదు.

జావా సముద్రము: అలవాటైన లోపము

మూడవది మరింత సూక్ష్మమైనది. 2014 డిసెంబరు 28వ తేదీన ఇండోనేషియాలోని సురబయా నుండి సింగపూరు పోవుచుండిన ఎయిర్ ఏషియా విమానము జావా సముద్రమున పడి 162 మంది మరణించిరి. వేగముగా ఎగురునప్పుడు చుక్కాని మితిమీరి తిరుగకుండ ఆపు యంత్రమున, ఒక ఎలక్ట్రానిక్ పలకలోని టంకపు అతుకు పగిలి యుండెను. అతుకు కలిసినప్పుడు యంత్రము బాగుగా నుండును. విడినప్పుడు హెచ్చరిక వచ్చును. అంతకుముందు పండ్రెండు మాసములలో ఈ లోపము 23 సార్లు నమోదయ్యెను. పలుమార్లు యంత్రమును ఆపి మరల ప్రారంభించిరి, హెచ్చరిక పోయెను, విమానము పోయెను.

నమోదైన ప్రతి లోపమును విడిగా చూచినచో చిన్నదే, సరిచేయబడినదే. ఇరువదిమూడింటిని ఒక వరుసలో పేర్చి చూచినచో అది వేరొక కథ. పరిశోధకుల నివేదిక ననుసరించి, ప్రమాదమునకు మూడు దినముల ముందు ఆ కెప్టెనే నేలపై ఒక ఇంజనీరు సర్క్యూట్ బ్రేకరు లాగి ఆ హెచ్చరికను పోగొట్టుట చూచెను. ప్రమాదదినమున ఆకాశమున హెచ్చరిక నాలుగవసారి వచ్చినప్పుడు నమోదైన గుర్తులు, బ్రేకరు లాగినప్పటి గుర్తులను పోలియుండెను. దానితో స్వయంచాలక యంత్రములు తొలగిపోయెను. విమానము ప్రక్కకు ఒరిగెను. పైలట్లు దానిని మరల స్వాధీనము చేసికొనలేకపోయిరి. నేలపై నిరపాయమైన పని ఆకాశమున నిరపాయము కాదు. బయలుదేరకముందు పాటించు నియమములు వేరు, బయలుదేరిన పిమ్మట పాటించు నియమములు వేరు అనుటకు ఇదియే కారణము.

ఉపసంహారము

ఈ మూడు కథలను చదివి విమానప్రయాణము భయంకరమని తలచుట పొరపాటు. ప్రతిదినము లోకమందంతటను చిన్న లోపములతో, సక్రమమైన అనుమతులతో విమానములు క్షేమముగా పోయివచ్చుచున్నవి. జాబితా లేనిచో ఆ విమానములు నిష్కారణముగా నిలిచిపోవును, లేదా విచక్షణలేకుండ ఎగురును. ఆ పుస్తకము మానవుడు చేసికొన్న మంచి ఏర్పాటులలో నొకటి.

కాని పుస్తక మెంత మంచిదైనను మూడు పనులు మనిషికే మిగిలియుండును. మొదటిది, నోటిమాటను నమ్మక పుట తెరచి చదువుట. గిమ్లీలో జరుగనిది అది. రెండవది, ఈ వస్తువు లేకున్నను పోవచ్చునా అని మాత్రమే కాక, ఇది యేల చెడినది అనికూడ అడుగుట; మాడ్రిడులో జరుగనిది అది. మూడవది, నేటి లోపమును నిన్నటి లోపముతో, మొన్నటి లోపముతో కలిపి చూచుట. జావా సముద్రముపై ఎగిరిన విమానము విషయమున జరుగనిది అది. చిన్న పామునైనను పెద్ద కర్రతో కొట్టవలెనను సామెత పామును గూర్చి మాత్రమే చెప్పినది కాదు. లోపపు పరిమాణమును దాని ఆకారముతో కొలువరాదు. అది మన రక్షణలలో దేనిని తీసివేయుచున్నదో దానితో కొలువవలెను.

కార్యాలయములలో ఫైళ్ళ నడుమ జీవితము గడుపు మనకు ఈ పాఠము దూరమైనది కాదు. నియమమును చదువక "ఇంతకుముందు ఇట్లే చేసిరి" అని సంతకము చేయుట, ప్రశ్నకు మాత్రము జవాబిచ్చి కారణము నడుగకుండుట, ఒకే ఫిర్యాదు పదిమార్లు వచ్చినను పదింటిని వేర్వేరు కాగితములుగా మూసివేయుట మనమెరుగని విషయములు కావు. మన పొరపాటునకు ఫలము ఆలస్యముగా వచ్చును గనుక మనకు కనబడదు. ఆకాశమున అది నిమిషములలో వచ్చును.

కనుక రాబోవు పండుగకు ఇంటికి పోవునప్పుడు, తలుపులు మూసిన పిమ్మట ఇంజనీరు పుస్తకముతో మరల లోనికి వచ్చినచో గడియారము చూచి విసుగుకొనకుడు. ఆయన పుట తెరచి చదువుచున్నాడు. ముందు గదిలో కెప్టెను "ఇది యేల చెడినది?" అని అడుగుచున్నాడేమో. ఆ ప్రశ్నకు పట్టు పది నిమిషములు మన ప్రయాణమునకు నష్టము కాదు. ఇంటియొద్ద ఎదురుచూచువారికి "ఆలస్యమగును" అని ఒక్క మాట తెలిపి, నిశ్చింతగా కూర్చుండుట మన వంతు.